గడియారం మామ

ఇల్లందు జగదాంబ సెంటర్లో టీ కొట్టు ముందు నిలబడి, ఎడమచేతి మణికట్టు నోటిదాకా తెచ్చుకుని, గడియారంతో గుసగుసలాడే యాభై యేళ్ళ మనిషి కనబడితే కంగారుపడకండి. మనిషికేమీ కాలేదు. సింగరేణి బొగ్గు గనుల్లో ఫిట్టరు. బీపీ లేదు, షుగరు లేదు, మస్టరు తప్పడు, ఆదివారం ప్లేడే డ్యూటీ దొరికితే వదలడు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన జపాన్ మరమనిషి తన పిలుపు కోసం ఇప్పటికీ ఎక్కడో చెవొగ్గి ఉన్నాడని ఆయన నమ్మకం.

ఇల్లందులో ఆయన్ని గడియారం మామ అంటారు. నాకు వరసకు నిజంగానే మామ కాబట్టి ఈ నాలుగు మాటలూ రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

ఇలాంటివాడు మీ ఊళ్ళోనూ ఒకడు ఉండే ఉంటాడు. గుర్తుపట్టడం తేలిక. పెళ్ళి పందిట్లోగానీ బస్సులోగానీ, ఆఖరికి చావింటి అరుగు మీదగానీ కొత్తవాడి పక్కన కూర్చున్నాడంటే మూడో మాటలో పుట్టిన సంవత్సరం అడుగుతాడు. పాపం ఎవరికో సంబంధం చూస్తున్నాడనుకుని మీరు చెప్పేస్తారు. 1972కీ 1978కీ మధ్య పుట్టారా, దొరికిపోయారు. "అయితే నువ్వు జెయింట్ రోబోట్ చూసుంటవ్!" అని మీ మోకాలి మీద చెయ్యి పడుతుంది. గుర్తులేదంటే గుర్తొచ్చేదాకా చెబుతాడు. గుర్తుందంటే మరీ ప్రమాదం, ఏ వారం వచ్చేదో చెప్పమంటాడు. మామ లెక్కలో అది గురువారం. ఆదివారం అన్న పాపానికి మా పెద్దమ్మ అల్లుడితో ఆయనకు ఆరేళ్ళుగా మాటల్లేవు.

తెలియనివాళ్ళ కోసం సంగతి చెబుతాను. ఇది 1967లో జపాన్‌లో పుట్టిన కథ. మిత్సుతెరు యొకొయామా అనే బొమ్మల కథల ఆయన గీస్తే, తోయీ కంపెనీ వాళ్ళు టీవీకి తీశారు. మొత్తం 26 భాగాలు. అమెరికావాళ్ళు దానికి ఇంగ్లీషు మాటలు అతికించి, దైసాకు అనే పిల్లాడి పేరు పీకేసి జానీ సోకో అని పెట్టారు. ఆ బొంతే తిరిగి తిరిగి 1980ల నడుమ మన దూరదర్శన్ గడప తొక్కింది. గార్గాయిల్ అనే దుర్మార్గుల ముఠా ఒక శాస్త్రవేత్తను దీవిలో బంధించి రోబోను చేయిస్తుంది. ఓడ మునిగి అక్కడికి కొట్టుకొచ్చిన జానీ, గడియారంలో దాచిన మైకులో మాట్లాడతాడు. మొదట ఎవరి గొంతు చెవినపడితే జీవితాంతం వాళ్ళ మాటే వినాలని ఆ రోబో తయారీలోనే ఉంది. అంతే, తాటిచెట్టును మించిన ఇనుప మనిషి ఒక బడిపిల్లాడి చేతికిందికి వచ్చేశాడు. తలకు ఈజిప్టు రాజుల తొడుగు, వేళ్ళ చివర క్షిపణులు, వీపున రాకెట్టు.

కథ ఇంతే. మామ చెబితే గంటన్నర.

అసలు సంగతేమిటంటే, మామ చెప్పేది దూరదర్శన్‌లో వచ్చిన కథ కాదు, ఇల్లందు 24 ఏరియా సింగరేణి క్వార్టర్ల పిల్లలంతా కలిసి కుట్టుకున్న కథ. ఇంగ్లీషు ఒక్కడికీ రాదు. జానీ చేరిన సంస్థ పేరు యూనికార్న్. ఇల్లందు చెవికి అది యూనియన్. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. చంకలో ఉన్నప్పటినుంచే గేట్ మీటింగులు విన్న పిల్లలు. జానీకి యు-7 అని ఒక నంబరుండేది. అది యూనియన్ సభ్యత్వం నంబరేనని అందరూ ఒప్పుకున్నారు, ఏ యూనియన్ అన్నదే తేలలేదు. ఏఐటీయూసీ వాళ్ళ పిల్లలు మాదంటే, ఐఎన్‌టీయూసీ వాళ్ళ పిల్లలు మాదన్నారు. బుగ్గవాగు ఇసుకలో దీని మీద రెండు ఫైటింగులు కూడా అయ్యాయి. గార్గాయిలేమో గారెకాయలైంది. ఆ ముఠా నాయకుడు గిలెటిన్ చక్రవర్తి, గిల్లుడు దొర అయ్యాడు. బొగ్గుబాయి మీద దొర అంటే మేనేజరే కదా. అంచేత ఆ పిల్లలకు కథ అర్థం కాలేదని నేననను. ఒక దొర, ఒక యూనియన్, మధ్యలో చెప్పిన మాట వినే పెద్ద మిషను. అర్థం కాకపోవడానికి ఏముంది?

టీవీ ఉన్నది హెడ్డు క్లర్కు గారింట్లో. ఈసీ టీవీ. హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన తెలుపు నలుపు పెట్టె, దానికి చెక్క తలుపులు. కాళ్ళు కడుక్కున్నవాళ్ళకే లోపలికి ప్రవేశం. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు గోడకు. వీళ్ళందరికన్నా తేలికైనవాడు, కోతిలా ఎక్కగలిగినవాడు మా మామ కాబట్టి ఆయన స్థానం డాబా మీద, ఏంటెన్నా దగ్గర. కింద పదిమంది గొంతులు "వచ్చింది... వచ్చింది... పోయింది!" అంటుంటే ఇనుప గొట్టాన్ని తిప్పుతూ ఉండాలి. బొమ్మ కుదిరేసరికి సగం భాగం అయిపోయేది. అలా ప్రతివారం మొదటి సగం చెవితో, రెండో సగం కంటితో చూశాడు. డాబా మీద ఉన్నంతసేపూ ఆయనకు కనబడింది రోబో కాదు, దూరంగా బొగ్గు కుప్పల మీద ఎక్కుతూ దిగుతూ ఉన్న డోజరు. కిందినుంచి రోబో అడుగుల చప్పుడు, ఎదురుగా డోజరు. పదేళ్ళ బుర్రలో ఈ రెండూ ఎలా అతుక్కున్నాయో, ఆ అతుకు ఇప్పటికీ ఊడలేదు. ఇప్పుడు ఓపెన్‌కాస్టులో షావెల్ కిందికి దూరి పనిచేసేటప్పుడు కూడా ముందు దానికో మాట చెప్పి దూరతాడట. తోటి ఫిట్టర్లు నవ్వరు. ఆయుధపూజ నాడు అదే షావెల్‌కి బొట్టుపెట్టి నిమ్మకాయలు తొక్కించేవాళ్ళకు నవ్వే అర్హత ఎక్కడిది?

ఇక రంగుల గొడవ. ఆ కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తెలుపు నలుపు టీవీని రంగుల టీవీ చేసే చిట్కా ఒకటి బజార్లో అమ్మేవారు. పైన నీలం, నడుమ ఎరుపో నారింజో, కింద ఆకుపచ్చ ఉన్న ప్లాస్టిక్ తెర. టీవీ ముందు తగిలించుకుంటే ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా కనబడుతుందని. ఆకాశమూ గడ్డీ ఉన్న దృశ్యం వస్తే బాగానే ఉండేది. వార్తలు చదివే ఆవిడ వస్తే నీలకంఠుడి వరస తలకిందులై, నుదురు నీలంగా, కంఠం ఎర్రగా, చీర పచ్చగా ఉండేది. హెడ్డు క్లర్కు గారు ఆ తెర తెచ్చి తగిలించారు. దాంతో మామ మనసులో జెయింట్ రోబోట్‌ది నీలం తల, ఎర్రటి పొట్ట, పచ్చటి కాళ్ళు. వంగితే తల ఎరుపెక్కేది, కిందపడితే మొత్తం పచ్చబడేది, ఎగిరిపోతూ పోతూ పాదాలతో సహా నీలమైపోయేది. "కోపమొస్తే ఎర్రగయితడు, దెబ్బ తగిలితే పచ్చగయితడు, అది వాని పవరు" అని మామ సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ముప్పై యేళ్ళపాటు ఖండించినవాడు లేడు. ఖండించాలంటే వాడు కూడా చూసి ఉండాలి కదా!

గడియారం కథ వేరు. అది ఆయన తండ్రిది, అంటే బాయిలో కోల్ ఫిల్లరుగా చేసిన మా తాతది. హెచ్ఎంటీ, తాళం తిప్పే రకం. రాత్రి షిఫ్టు దిగి తాత నిద్రపోతుంటే మామ మెల్లగా అది విప్పుకుని రోడ్డు మీదికొచ్చి, ఎదురొచ్చే బొగ్గు లారీని "ఆగు!" అని ఆజ్ఞాపించాడు. ఆగింది. డ్రైవరు బీడీ కోసం దిగాడు. ఆ సంగతి మామ కూడా చూశాడు, కానీ అంతకుముందే నమ్మకం కుదిరిపోయింది. ఇంకోసారి పనిచేసింది, మేకల మంద మీద. రెండుసార్లు పనిచేసిన వస్తువును ఎవడైనా వదులుకుంటాడా? తర్వాతెప్పుడో హెచ్ఎంటీ వాళ్ళు 1961లో గడియారాల తయారీ మొదలుపెట్టింది జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతోనేనని ఎక్కడో చదివాడు. ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాడు. అటుపై బెంగళూరు బీఈఎంఎల్ డోజర్ల వెనక జపాన్ కొమాట్సు పరిజ్ఞానం ఉందని తెలిసింది. "గడియారం జపానుది, డోజరు జపానుది, రోబో జపానోడు. ఇంకేం కావాలె అల్లుడూ? మధ్యల కనెక్షన్ ఒక్కటే లేటు" అన్నాడు.

నన్నడిగితే అక్కడ రోబో గొప్ప ఏమీ లేదు. ఆ వయసు పిల్లాడి మాట ఆ క్వార్టర్లో ఎవరు విన్నారు? నాన్న ఏ షిఫ్టులో ఉంటే ఇల్లంతా ఆ షిఫ్టులో ఉండాలి. నైటు దిగొచ్చి పడుకుంటే గోళీలు కూడా గోనెసంచి మీద ఆడాలి. సైరన్ అందరికీ ఆజ్ఞ, పిల్లలకు అందరూ ఆజ్ఞ. అలాంటి చోట ఒక బుడ్డోడు మణికట్టుతో మాట్లాడితే కొండంత ఇనుము లేచి నిలబడింది. మరిచిపొమ్మంటే ఎలా మరిచిపోతాడు?

ఇప్పుడూ ఇంట్లో ఆయన మాట వినేవాళ్ళు పెద్దగా లేరు. మా అత్తయ్య మాత్రం కిటుకు కనిపెట్టింది. మామూలుగా పిలిస్తే పలకడని, దగ్గరికొచ్చి ఆయన చెయ్యెత్తి గడియారంలోనే చెబుతుంది: "ఉల్లిగడ్డలు కిలో. కరివేపాకు మరువొద్దు." మరువడు.

ఆయనకు అసలు శత్రువులు మోగ్లీ బ్యాచ్. అంటే మేం. 1993లో ఆదివారం పొద్దున జంగిల్ బుక్ వస్తే పళ్ళు తోమకుండా కూర్చున్నవాళ్ళం. మా సంఖ్యాబలం ముందు రోబో బ్యాచ్ ఎంత? ఇల్లందు మొత్తం వెతికితే ఆరుగురు, అందులో ఇద్దరికి మతిమరుపు. మేం ఎగతాళి చేసినప్పుడల్లా మామ చల్లగా ఒక మాట అనేవాడు: "మీ మోగ్లీ ఎక్కడ పుట్టిండో ఎరుకేనా? జపాన్లనే." నిజమే. 1989లో నిప్పన్ యానిమేషన్ వాళ్ళు తీశారు. చెడ్డీ వేసుకున్న మా అడవి బిడ్డ కూడా మామ వైపు చుట్టమేనని తేలాక మేం కొంచెం తగ్గాం.

అసలు అలాంటి రోబో సీరియల్ వచ్చిందా, కల కన్నావా అని ఎవరైనా నిలదీస్తే మాత్రం మామ రాముణ్ణి సాక్షిగా తెస్తాడు. భద్రాచలం పోయే భక్తులు దారిలో ఇక్కడ ఆగి, మూడు నల్లరాళ్ళు పెట్టి వంట చేసుకుంటే పొయ్యిరాళ్ళే అంటుకుని మండాయని మా ప్రాంతంలో పాత కథ. ఆ తర్వాత 1871 ప్రాంతంలో విలియం కింగ్ అనే జియాలజిస్టు వచ్చి చూడటం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకోవడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం కథలు కావు, చరిత్ర. "రాళ్ళు మండినయంటే నమ్మినోళ్ళు ఊరికి ఊరే కట్టుకున్నరు. నేను టీవీల చూసిన అంటే నమ్మరా?" అంటాడు. దీనికి ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పేలోపు టీ డబ్బులు ఆయనే ఇచ్చేస్తాడు.

మా చిన్నాన్న కొడుకు కువైట్‌లో డ్రైవరు. వాడు సెలవు మీద వచ్చి, అరబ్బుల్లో మామ వయసువాళ్ళంతా గ్రెండైజర్ అనే ఇంకో జపాన్ రోబో పేరు చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారనీ, 2022లో రియాద్‌లో దానికి 33 మీటర్ల పైచిలుకు విగ్రహం నిలబెట్టారనీ చెప్పాడు. మామకు ఆ రాత్రి నిద్ర లేదు. ఫిలిప్పీన్స్ సంగతి ఇంకా బాధించింది. అక్కడ వోల్టెస్ ఫైవ్ అనే రోబో కార్టూన్‌ని 1979లో దేశాధ్యక్షుడు మార్కోసే నిషేధించాడు, అదీ చివరి భాగాలు రాకముందు. "చూడు, వాళ్ళ రోబోకు దేశాధ్యక్షుడే జడిసిండు. మనోన్ని ఎవ్వరూ ఆపలే. ఆపితెనే కదా విలువ!" అని నిట్టూర్చాడు. ఆఖరి దెబ్బ కోబె నగరం. జెయింట్ రోబోట్‌ను సృష్టించిన యొకొయామా సొంత ఊరు అది. 1995 భూకంపంలో దెబ్బతిన్న పేటలో, మళ్ళీ లేచి నిలబడ్డామని చెప్పుకోవడానికి, 2009లో ఆయనదే మరో రోబో తెత్సుజిన్‌కు 15 మీటర్ల ఉక్కు విగ్రహం పెట్టుకున్నారు. ఆ ఫొటో మామ ఫోన్లో వాల్‌పేపరు. దేవుడి పటం ఉండేది ముందు.

ఇంతవరకూ చెప్పి, చివరి భాగం సంగతి చెప్పకపోతే మామ ఊరుకోడు. గిల్లుడు దొర ఒంటినిండా అణుశక్తే. వాడు పేలితే భూమే మిగలదు. రోబో మొట్టమొదటిసారి జానీ మాట వినకుండా, వాణ్ణి పొదివి పట్టుకుని ఆకాశంలోకి పోయి ఉల్కను గుద్దుకుంటాడు. ఆ రోజు 24 ఏరియాలో పిల్లలెవరూ అన్నం తినలేదట. మామ ఏడుపు విని తాత నిద్రలేచి, విషయం కనుక్కుని, కాసేపు ఆలోచించి అన్నాడట: "డ్యూటీ మీద పోయిండు కదరా. పిల్లగానికి డిపెండెంట్ ఉద్యోగం వస్తది. ఏడ్వకు." సింగరేణి ఇంట్లో అంతకన్నా గొప్ప ఓదార్పు లేదు. మామ మాత్రం ఒప్పుకోలేదు. పేలుడు చూశాంగానీ బాడీ చూశామా? ఆయన దృష్టిలో అది ఇప్పటికీ మిస్సింగ్ కేసే.

చౌక డేటా వచ్చాక ఒక సాయంత్రం నేను చేయకూడని పని చేశాను. ఆ పాత భాగాలు యూట్యూబ్‌లో వెతికి మామ ముందు పెట్టాను. మీకింకా చెప్పలేదు, మామ నలభై యేళ్ళుగా దాన్ని కార్టూన్ అంటున్నాడు. అది కార్టూన్ కాదు. మనుషులతో తీసింది. రోబో అంటే లోపల ఒక మనిషి, పైన తొడుగు. అడుగేస్తే మోకాలి దగ్గర ముడతలు పడుతున్నాయి. కూలే భవనాలు అట్టడబ్బాలంత ఉన్నాయి. నీలం, ఎరుపు, పచ్చ పట్టీలు లేవు, కోపానికి ఎరుపెక్కడమూ లేదు. నేను గెలిచాననుకుని మామ మొహం చూశాను.

మామ ఫోను దగ్గరగా పెట్టుకుని ఆ మోకాలి ముడతనే చూస్తున్నాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"లోపల మనిషి ఉన్నడా?"

"ఉన్నాడు మామా."

"గాలి ఆడదు కదరా." కాసేపాగి, "ఎంత ఉక్కపోసి ఉంటదో. బాయిల కన్నా ఎక్కువ. అండర్‌గ్రౌండ్ అలవెన్సు లాంటిదేమన్న ఇచ్చిన్రా వానికి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి మామకు రోబో మీద ఉన్న భక్తికి, లోపలి మనిషి మీద గౌరవం తోడైంది. ఇప్పుడు కథ చెప్పేటప్పుడు ప్రతి ఫైటింగు మధ్యలో ఆపి, "వాడు లోపల చెమటతోటి నానిపోయి ఉంటడు" అని ఒక వాక్యం కలుపుతున్నాడు. కథ రెండు గంటలైంది.

కోబె వాళ్ళను చూసి మామ కూడా ఒక పని మొదలుపెట్టాడు. సొంత డబ్బుతో, తన డాబా మీద, పాత సామాన్ల కొట్లో కొన్న గొట్టాలు, సైకిల్ చైన్లు, నూనె డబ్బాలతో ఐదున్నర అడుగుల రోబో. కంపెనీ బోల్టు ఒక్కటి కూడా లేదు, కంపెనీ సెక్యూరిటీ ఎస్ అండ్ పీసీ వాళ్ళు వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. వెల్డింగు అయిపోయింది. లోపల మనిషి పట్టేంత జాగా ఉంచి, చెవుల దగ్గర గాలికి రెండు రంధ్రాలు పెట్టాడు. మిగిలింది రంగులే. పెయింటరు ఫోన్లో వీడియో చూసి అలాగే వేస్తానన్నాడు. మామ వినలేదు. వీడియోలో ఉన్నది జపాన్ వాళ్ళ రోబో అట, తనకు కావలసింది హెడ్డు క్లర్కు గారింట్లోది.

అందుకే ఈ విన్నపం. 1985 ప్రాంతంలో టీవీ ముందు తగిలించిన మూడు రంగుల ప్లాస్టిక్ తెర మీ అటక మీద ఎక్కడైనా పడి ఉంటే దయచేసి పారేయకండి. ఇల్లందు జగదాంబ సెంటర్లో గడియారం మామ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఇచ్చేయక్కర్లేదు, ఒక పూట ఇస్తే చాలు. నీలం ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలవుతుందో టేపు పెట్టి కొలుచుకుంటాడు. ఒక్కటే జాగ్రత్త, మాటల్లో ఆదివారం అనకండి.